చావింటికి పులిహోర

రోడ్డు మీద ఆ అబద్ధం చెప్పింది నేనే. డ్రైవరు కాదు, అమ్మాయిలు కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. చివరికి అట్టిపెట్టుకుంటే రాయకుండా వదిలేస్తానేమోనని భయం.

అప్పుడు నేను కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. అందరూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే అమ్మాయిలే. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న చలికాలం అది. ఈ రోజు బందంటారు, రేపు రాస్తారోకో అంటారు. బందు రోజు ఆగిన పనికి ఆఫీసువాళ్లు శనివారం రమ్మనేవాళ్లు. ఊళ్లకు పోయే బస్సులు ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. కొత్త సంవత్సరానికి ఇంటికి వెళ్లలేక నలుగురు అమ్మాయిలు వికారాబాద్ వైపు గుట్టలు ఎక్కుదామనుకున్నారు. నేను పుట్టింది ఆ గుట్టల కింది ఊళ్లోనే. చిన్నప్పుడు కట్టెలకు తిరిగిన అడవి. దారి చూపించడానికి నన్నూ రమ్మన్నారు.

జనవరి ఒకటిన ఇంకా మంచు విడవకముందే అద్దె బండిలో బయలుదేరాం. పండగ రోజు కదా అని పులిహోర కలిపి పెద్ద డబ్బాలో పెట్టుకున్నాను.

చేవెళ్ల దాటాక ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి ఉన్నాయి. రాళ్ల వెనక పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. వంటావార్పు. అప్పట్లో ఊరంతా వచ్చి రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, బండ్లను ఆపేవాళ్లు.

"వెనక్కి వెళ్లిపోదామా అక్కా?" అంది గుంటూరు అమ్మాయి. నలుగురిలో తినే కంచం తనే కడుక్కునే పిల్ల ఆమె ఒక్కతే.

"నువ్వు ముందు నోరు మూసుకోవే బాబూ. నీ మాట వింటే ఇట్టే తెలిసిపోతుంది ఎక్కడివాళ్లమో" అని పక్కనున్న అమ్మాయి ఆమె చేయి గిల్లింది.

డ్రైవరు అద్దంలో నావైపు చూశాడు. "సావుకు పోయేటోళ్లనైతే ఇడుస్తరు అక్కా" అన్నాడు.

అమ్మాయిల ముఖాలు చూశాను. నెలరోజుల తర్వాత దొరికిన ఒక్క సెలవు. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. బండి ఆగగానే మెడలో కండువా వేసుకున్న ఒకతను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బందు అని తెల్వదా? యాడికి?"

"మా అమ్మ సచ్చిపోయింది తమ్మీ" అని ఏడ్చాను.

మా అమ్మ పోయి అప్పటికే ఎనిమిదేళ్లు. పోయినామెను ఇంకోసారి చంపితే ఎవరికి నష్టం అనుకున్నాను. కానీ ఏడుపు మొదలుపెట్టాక నిజంగానే వచ్చింది. పొయ్యి దగ్గరున్న ఒక ముసలామె గరిటె పడేసి పరుగెత్తుకొచ్చింది. తలుపు తీసి, నా మెడ చుట్టూ చేతులు వేసి, శోకం పెట్టి నాతోపాటు ఏడ్చింది.

"ఊకో బిడ్డా, ఊకో. తొవ్వ ఇడ్వుండ్రిరా! తల్లి మొకం సూస్కోనియ్యుండ్రి!"

కండువా అతనే రాళ్లు తీశాడు. కొంచెం దూరం పోయాక ఒక అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "ఆంటీ, మీరు సినిమాల్లో చేరాల్సింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గుట్ట ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు దగ్గర దారని కట్టెల బాటలో తీసుకొచ్చాను. చెట్ల నీడన రాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. గుంటూరు అమ్మాయి కాలు జారి రెండు బండల మధ్య ఇరుక్కుంది. ఆమె పడింది, కాలు అక్కడే ఉండిపోయింది. ఆ చప్పుడు నాకు వినబడింది.

బయటికి లాగేసరికి మోకాలి కింద వంకర తిరిగింది. ఎండుకట్టెలు రెండు పెట్టి చున్నీతో కట్టాం. దుప్పటిలో పడుకోబెట్టి నాలుగు మూలలూ పట్టుకుని కిందికి మోసుకొచ్చాం. ఒక అమ్మాయి తన బాబాయికి ఫోన్ చేసింది. ఆయన డాక్టరు. పాదం పట్టుకుని చూడమన్నాడు. చూశాం. చల్లగా ఉంది, గోళ్ల దగ్గర నీలం తిరుగుతోంది.

"పాదానికి రక్తం అందట్లేదు. ఎక్కడా ఆగొద్దు, నేరుగా గచ్చిబౌలిలో మా ఆసుపత్రికి తీసుకొచ్చేయండి. ఆలస్యమైతే కాలు దక్కదు" అన్నాడు.

గుంటూరు అమ్మాయిని మధ్య సీటులో పడుకోబెట్టి బయలుదేరాం. ఎక్కడా ఆగొద్దన్నాడు. పొద్దున ఏడ్చిన చోటు దాటకుండా వేరే దారి లేదు.

అక్కడికి వచ్చేసరికి రోడ్డు మీద బంతులుగా కూర్చుని తింటున్నారు. ముసలామె నన్ను చూసి లేచి వచ్చింది.

"మన్ను పోసిండ్రా బిడ్డా? గింత జల్ది అయిపాయెనా? దిగు, నీ కోసం బువ్వ తీసి పెట్టిన. పొద్దుగాల్నుంచి ఏం తిననట్టున్నవ్."

 ఇంతలో కండువా అతను వెనక తలుపు తీశాడు. అమ్మాయిల సంచులు, కెమెరా, బురద బూట్లు. దారిలో కుదుపులకు మూత ఊడి, పసుపు పచ్చని అన్నం సంచుల మీదంతా పడి ఉంది.

అతను ఒక మెతుకు తీసి చూశాడు. "సావుకు పులిహోర తీస్కపోయినవా అక్కా?"

తింటున్నవాళ్లు కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. పదిమంది లేచి బండి చుట్టూ నిలబడ్డారు.

"పట్నం పిల్లలను గుట్టలు తిప్పనీకె తల్లిని సంపినవా?"

"పొద్దుగాల తెలంగాణ ఏడుపు ఏడ్సింది గదరా, మన మనిషే అనుకున్నం!"

"పొద్దుగాలది అబద్ధం. తప్పయింది. కానీ గిది నిజం. గీ పిల్ల కాలు ఇరిగింది, జర ఇడ్వుండ్రి" అన్నాను.

"పొద్దుగాల సావు, ఇప్పుడు కాలా? రేపేం జెప్తవ్?"

డ్రైవరు స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నాడు. ఎవరో బండి మీద చేత్తో గట్టిగా చరిచారు. అమ్మాయిలు ఒకరి మీద ఒకరు ఒదిగిపోయారు. నేను దిగి ముసలామె చేయి పట్టుకున్నాను.

"నువ్వొచ్చి కాలు పట్టి సూడు అవ్వా."

ఆమె చేయి లాక్కుంది. "నీ మెడ పట్టుకొని ఏడ్సిన. సచ్చిన నా బిడ్డ యాదికొచ్చి ఏడ్సిన. నాకింకేం సూపిస్తవ్?" అని వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి నడిచింది.

నేను చెప్పేదానికి ఇక విలువ లేదు. ఎంత గట్టిగా అరిస్తే అంత అబద్ధంలా ఉంది. బండిలోంచి గుంటూరు అమ్మాయి గొంతు వినబడింది. పక్కమ్మాయి ఆమె నోటికి చేయి అడ్డం పెట్టింది. ఆమె ఆ చేయి తోసేసింది.

"మామ్మగారూ! ఒక్కసారి వచ్చి పట్టుకుని చూడండి. ఇందాకటిదాకా నొప్పి పుట్టింది. ఇప్పుడు అసలేం తెలియట్లేదండీ."

ఆ ఆంధ్ర యాస విని అందరూ ఆమె వైపు తిరిగారు. పొద్దుటినుంచి దాచిన మాట అది. ముసలామె ఆగింది. వెనక్కి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుని ముందు బాగున్న పాదం పట్టుకుంది. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది పట్టుకుంది.

"రాళ్లు తియ్యుండ్రిరా!" అని అరిచింది. "కాలు సల్లవడ్డది. తియ్యుండ్రి!"

కండువా అతను మోటారుసైకిలు తీసి బండి ముందు పోయాడు. దారిలో ఇంకా ఎన్నిచోట్ల ఆపుతున్నారో అతనికే తెలుసు. నేను ఎక్కబోతే ముసలామె ఆపింది. "నువ్వొద్దు. ఈడ నీ ఏడుపు సూసినోళ్లు ముంగట ఇంకెవలన్న ఉంటే మల్లా ఆపుతరు."

అది నిజమే. నేను అక్కడే ఉండిపోయాను. ఆమె తీసిపెట్టిన అన్నం నా ముందు పెట్టింది. తినలేకపోయాను. గంజులు తోమాను. సాయంత్రం నాలుగింటికి మోటారుసైకిలు తిరిగొచ్చింది. అతను బండి దిగకుండానే చెప్పాడు.

"కాలు ఉంటదట. ఆపరేషన్ చేస్తున్నరు." బండి తిప్పుకుంటూ, "ఈడ మన లొల్లిల ఇరవై నిమిషాలు పాయె" అన్నాడు. మన అన్నాడు. నీ అనలేదు.

గుంటూరు అమ్మాయి మూడు నెలలకు హాస్టల్‌కు తిరిగొచ్చింది. ఆ కాలి చివరి రెండు వేళ్లకు స్పర్శ రాలేదు. ఒకరోజు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఆ వేళ్లను గిల్లి చూసుకుంటుంటే, "ఆ ఇరవై నిమిషాలు నా వల్లే పోయినయి" అన్నాను.

ఆమె కాదని అనలేదు. 

"పొద్దున మీరు ఏడుస్తుంటే నాక్కూడా నవ్వొచ్చిందక్కా" అంది. "ఆ మామ్మగారు మిమ్మల్ని పట్టుకుని ఏడుస్తుంటే కూడా."