దమయంతి అప్ప దాచిన ఆర్నెల్లు

సాయంత్రం కబడ్డీ కోర్టు మీద కొబ్బరి పొట్టు పరిచి నీళ్లు చల్లగానే లేచే తడి వాసన నన్ను ఇప్పటికీ తొమ్మిదో తరగతిలోకి లాక్కుపోతుంది. టెక్కలి దగ్గరి బడిలో వ్యాయామం టీచర్ని నేను. ఆ వాసన తగిలితే చాలు, దమయంతి అప్ప గుర్తుకొస్తుంది. ఉద్దానం తీరంలో చేపలు పట్టే ఇంట పుట్టి, దేశం తరఫున కబడ్డీ ఆడిన మనిషి. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె మాత్రం ఊళ్లన్నిటికీ అప్పే.

నేను చదివింది పలాసలో. అప్ప పతకంతో తిరిగొచ్చాక బడులన్నీ ఆమెను పిలిచి మాట్లాడించేవి. మా బడికీ వచ్చింది. మైకు అక్కర్లేని గొంతు. "నొప్పన్నోల్లు గట్టు మీద కూకోండి. కూతకెల్లినోల్లకి నొప్పేటి?" అంది. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు మండాయి. పిచ్చిదాన్ని, ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాను.

నెల తిరక్కుండానే ఆటలో నా కుడి మోకాలు మెలిపడి వాచింది. మండలం పోటీలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు అడిగితే, "జీడి పొక్కింది సార్" అన్నాను. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆ సొన పడి ఒళ్లు పొక్కడం మా పేటలో ఇంటింటా ఉన్నదే. అనుమానం రాకుండా కాస్త సొన నిజంగానే రాసుకున్నాను కూడా. పలాస పిల్ల తప్ప ఇంకెవరూ అలాంటి తెలివి చూపించరేమో! రెండో ఆటలో కూతకు వెళ్లి కూలబడ్డాను. మోకాలి లోపల ఏదో తెగింది. మళ్లీ ఆడలేదు.

మాస్టారికి అప్పుడు నిజం చెప్పేశాను. అది చెవిన పడి, వారం తిరిగేసరికి అప్ప మా ఇంటికి వచ్చింది. "నా మాటిని ఆడినావంట?" అంది. తలూపాను. "ఒలే పిల్లా, ఎంత పని సేసినావే!" అని నా కాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అంత పెద్ద ఆటగత్తె అలా ఏడుస్తుంటే మా అమ్మకు ఏం చేయాలో తోచలేదు. ఆ రోజు నుంచి అప్ప ఏ సభకూ వెళ్లలేదు. నన్ను మాత్రం వదల్లేదు. వైజాగ్‌లో డాక్టరుకు చూపించింది, రిఫరీ విజిల్ చేతికిచ్చింది, "ఆడనేకపోతే ఆడించు" అని వెంటపడి నన్ను టీచర్ని చేసింది.

ఉద్యోగంలో చేరాక, మా పిల్లలతో మాట్లాడమని వాళ్ల ఊరు వెళ్లి అడిగాను. వల బాగుచేస్తూనే తల అడ్డంగా ఊపింది.

"నాను నోరిప్పితే ఓ గుంట కాలు పోయింది. ఇంకెవుల్ది పోవాల?"

ఆ పిల్లను నేనే కదా, నాకు ఒళ్లు మండింది. "నువ్వు నోరు మూసుకుంటే నా కాలు తిరిగొత్తాదేటప్పా? ఆ మాటే వచ్చి సెప్పు" అన్నాను.

వచ్చింది. మైకు అక్కర్లేని మనిషి ఈసారి మైకు అడిగి పట్టుకుంది. మొదటి వరసలో నేను కూర్చున్నాను.

"మీ టీచరమ్మకి అప్పట్లో సగమే సెప్పినాను" అంది. "పతకానికి ముందు నా మోకాలూ వాసింది. కోచ్ నన్ను ఆర్నెల్లు గట్టు మీద కూకోబెట్టినాడు. సిగ్గేసి ఆ ఆర్నెల్లు ఏ బడిలోనూ సెప్పనేదు. నొప్పుంటే సెప్పండే గుంటల్లారా. కూకోండి. తగ్గినాక మల్లీ నెగిసి ఆడండి."

ఆ సగం నాకప్పుడే చెప్పి ఉంటే అని గుండె కలుక్కుమంది, దాచను. అంతలో వెనక వరసలో ఓ పిల్ల లేచి, "నాకు మడం నొప్పిగుందండి" అంది. ఆ వెంటే ఇంకొకతి లేచింది. అప్ప ముఖంలో ఎన్నాళ్లకో నవ్వు చూశాను. నా బాధ అక్కడే సగం తీరింది. ఇప్పుడామె మళ్లీ బడులకు వెళ్తోంది. ఎక్కడికెళ్లినా ఆ ఆర్నెల్లతోనే మొదలుపెడుతుంది.

ఆటకు ముందు నేను రోజూ అడుగుతాను, ఎవరికి ఎక్కడ నొప్పి అని. పిల్లలు చెబుతారు. నిన్న మాత్రం ఒకతి మోకాలు చేత్తో కప్పుకుని, "జీడి పొక్కింది మేడం" అంది.

"ఏదీ, సూపించు" అంటూ కుడి కాలు చాపి, ఎడమ మోకాలి మీద కూర్చున్నాను. కుడిది వంగదు కదా.