రుద్దకు, అద్దు

మణికొండలో మేము ఒకప్పుడు కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మ మొన్న ఆదివారం పోయింది. దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది కాబట్టి వాడకట్టంతా ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. ఆమె కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ లేదు ఇగ" అన్నది. ఫోన్ పక్కన పెట్టేలోపే నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. కూర్చోలేను, నిలబడలేను, ఇల్లంతా తిరిగాను. "నీకు పరేషానైతే ముందుగాల నీ చేతులకే ఎరుకైతది" అనేది ఆమె. నిజమే.

ఆ చేతుల వల్లే ఆమె నాకు దగ్గరైంది. తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది కడప వైపు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. బంద్ రోజుకు బదులు శనివారం పని, రోడ్డు మీద నినాదాలు, ఆఫీసులో గొణుగుళ్లు, ఇంట్లో పాలు తాగే బిడ్డ. ఒకరోజు వేళ్ల పక్కల మంట, దురద. తెల్లారేసరికి చర్మం కింద ఉడికిన సగ్గుబియ్యంలా సన్నటి నీటిపొక్కులు. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వచ్చాయి.

మా అత్త చూసి అమ్మవారు పోసిందని తేల్చేసింది. అమ్మవారంటే ఇక మందు ఉండదు. గుమ్మానికి వేపమండలు కట్టింది. వేపాకు, పసుపు నూరి నా చేతులకు పట్టించింది. "బిడ్డను ముట్టగాకు తల్లీ, దానికీ పోస్తాది" అని పాపను ఎత్తుకుని పక్క గదిలోకి పోయింది. అక్కడ పాప ఏడుస్తుంటే ఇక్కడ పాలు చేపుకొచ్చి నా జాకెట్టు తడిసిపోయేది. నేను గుమ్మం దగ్గర నిలబడి అరచేతులను గోడకేసి రుద్దుకునేదాన్ని. పొక్కులు చితికి, వేపపసరు తగిలి ఇంకా భగ్గుమనేవి.

వేపమండలు చూసి కింది వాటాలోంచి సిస్టరమ్మ పైకి వచ్చింది. నన్ను కిటికీ దగ్గరికి లాగి చేతులు తిప్పి చూసింది.

"అమ్మవారైతే ఒళ్లంత పోస్తది, జ్వరమొస్తది. గిది చేతులు, కాళ్లే పట్టుకున్నది. ఎగ్జిమా అంటరు దీన్ని. అంటుకోదు."

"అంటుకోదని మీకెట్లా తెలుసమ్మా?" అని అడిగింది మా అత్త.

సిస్టరమ్మ నా అరచేయి తీసి తన చెంపకు ఆనించుకుంది. ఆమె చెంపంతా పసుపైంది. అయినా మా అత్త పట్టు విడవలేదు. డాక్టరు చెప్తేనే బిడ్డను ఇస్తానంది.

మర్నాడు బంద్. చర్మ డాక్టరు క్లినిక్ రెండు వీధుల అవతలే, కానీ దారిలో రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు జరుగుతోంది. ఆంధ్రోళ్లమని ఏమంటారోనని గుంపును చూసి ఆగిపోయాను. పెద్ద గిన్నెలో పులిహోర కలుపుతున్న సిస్టరమ్మ నన్ను చూసి, గరిటె పక్కామె చేతిలో పెట్టి వచ్చింది. "ఎవరమ్మా?" అని ఎవరో అడిగితే, "నా బిడ్డ" అన్నది. నా మొహం చూసి, "రాష్ట్రం సంగతి రోడ్డు మీద తేల్చుకుందం, చేతుల సంగతి ఇప్పుడు చూసుకుందం, నడువు" అన్నది. డాక్టరు కూడా ఆమె మాటే చెప్పాడు. ఆ సాయంత్రం మా అత్త పాపను తెచ్చి నా ఒడిలో పెట్టింది. పాప మొహం తడుముతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత కొన్నాళ్లు సిస్టరమ్మ నన్ను వదిలిపెట్టలేదు. పొక్కులు గిల్లొద్దు. చల్లటి నీళ్లలో ముంచి పిండిన బట్ట కాసేపు చుట్టుకో. గిన్నెలు తోమే ముందు ఉంగరం తియ్యి, లోపల నూలు గ్లవ్స్, మీద రబ్బరువి వేసుకో. డాక్టరు ఇచ్చిన మందు ఆయన చెప్పినన్ని రోజులే రాయి, వాజిలిన్ మాత్రం మర్చిపోకు. ఉంగరం తీశానో లేదో చూడ్డానికి తలుపు బాదిన రోజులున్నాయి. వంకాయ తినొద్దని కూడా పోరింది. వంకాయకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు నవ్వితే, ఆయనకేం తెలుసని మూతి ముడుచుకుంది. చేతులు కడుక్కుని తువ్వాలుతో గట్టిగా తుడుచుకోబోతే మాత్రం చెయ్యి పట్టుకునేది. "రుద్దకు, అద్దు. వేళ్ల సందుల్ల తడి ఉంచకు. మళ్ల వస్తది ఇది. వస్తే ఫికర్ జెయ్యకు, మళ్ల మొదలువెట్టు."

సిస్టరమ్మను సాగనంపే రోజు, సమాధుల తోటలో శవపెట్టె దించాక అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నా వేళ్ల మీద పొక్కులు అప్పటికే పగిలి చెమ్మగా ఉన్నాయి. పగిలినచోట మన్ను తగిలితే చీము పడుతుందని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. నూలు గ్లవ్స్ బ్యాగులోనే ఉన్నాయి. కానీ ఆమెకు గ్లవ్స్‌తో మట్టి వేయడం నా వల్ల కాలేదు. ఒట్టి చేత్తోనే వేశాను. చురుక్కుమంది.

వెంటనే గేటు పక్క కొళాయి దగ్గరికి పరుగెత్తాను, ఆమె వెనకనుంచి తిడుతున్నట్టే. నా వెంట మా అమ్మాయి వచ్చింది. ఆ రోజుల్లో పక్క గదిలో ఏడ్చిన పాప ఇదే, ఇప్పుడు నాకంటే పొడుగు. కడుక్కున్న చేతులు కంగారులో చీరకు తుడుచుకోబోయాను. అది నా మణికట్టు పట్టుకుని ఆపింది. తన చున్నీ కొసతో ఒక్కొక్క వేలూ, వేళ్ల సందులూ, రుద్దకుండా అద్దింది.