ఫోటోలో పట్టని అక్క

పిట్టలాయన స్టూడియోలో ఒక గోడకు నీలం తెర, మిగతా గోడలన్నిటికీ పిట్టల ఫోటోలు. పెళ్లి ఫోటోలు తీస్తూ, తలమీదుగా ఏదో ఎగిరిందని కెమెరా అటు తిప్పేసిన ఘనుడాయన. ఆ పెళ్లికూతురి తల్లి ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు.

ఆవిడ సంగతి అలా ఉంచితే, సొంత అక్కే మాట్లాడదు. ఎందుకన్నది ఆయన నోటే విన్నాను, కొంచెం కొంచెంగా.

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది అక్కే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే బురద మేటలో ఆడవాళ్లు వరసగా వంగి, ఇనుప పళ్ల దంతెలతో బురద తిరగేసి గుల్లలు ఏరేవారు. అలా ఏరిన గుల్లలు అమ్మిన డబ్బుతోనే అక్క తమ్ముడికి తొలి కెమెరా కొనిపెట్టింది. దానితో ఆయన, తిరగేసిన బురదలో పురుగుల కోసం అక్క వెనకాల వాలే పిట్టల్ని తీశాడు.

"నీ పిట్టలకి వడ్డించేది నేనేరా! నన్ను కూడా ఒకటి తియ్యరాదూ?" అనేదట ఆవిడ, నడుం పట్టుకుని నిలబడి.

"పక్కకి జరగవే అక్కా, నీ బుట్ట అడ్డమొస్తోంది."

నవ్వుతూ జరిగేది. జరగడం ఆలస్యమైతే, ఆవిడ పడిన ఫోటో అంచును ఆయన చీకటిగదిలో కత్తిరించేసేవాడు.

తర్వాత ఆ మేట మీద రేవు కడతామని ఓ కంపెనీ దిగింది. దాన్ని ఆపించాలని ఆయన కాళ్లరిగేలా తిరిగి, అటవీశాఖ పెద్దాఫీసరు బల్ల నిండా ఫోటోలు పరిచాడు.

"అక్కడికి మనుషులు వస్తారా?" అన్నాడు ఆఫీసరు.

"పురుగు కూడా రాదు సార్. పిట్టలే."

మనుషులు తిరిగే చోటంటే పిట్టల మాట ఎవరూ వినరని భయం. ఫోటోలూ ఆ మాటే చెప్పాయి. రేవు ఆగింది. మేట పక్షుల రక్షణ కేంద్రమైంది. ఆయన్ని వేదికెక్కించి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది అక్కే.

ఆ వెంటనే కంచె వేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ అక్క బుట్ట పట్టుకుని ఆపేశాడు.

"ఇదంతా తెచ్చింది మా తమ్ముడేనయ్యా," అందట ఆవిడ గొప్పగా.

"అయితే ఆయన్నే అడగమ్మా. ఇక్కడికి పురుగు కూడా రాదని చెప్పింది ఆయనేనట."

దంతె భుజాన వేసుకునే ఆవిడ స్టూడియోకి వచ్చింది.

"నేనెవర్నిరా?"

"అదేం మాటక్కా! రేపే వెళ్లి అడుగుతాగా..."

వెళ్లాడు. "ఇప్పుడు మనుషులున్నారంటే, అప్పుడు మీరు చెప్పింది అబద్ధమేగా?" అన్నాడు ఆఫీసరు. "ఆ కంపెనీ లాయరు ఇలాంటి మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. చెప్పండి, ఉన్నారా?"

"లేరు సార్," అని వచ్చేశాడు.

అక్క ఒడ్డునున్న చేపల ఫ్యాక్టరీలో ఐసు గదిలో పనికి కుదిరింది. ఆవిడ వేళ్లు ఇప్పుడు పూర్తిగా చాపడానికి రావు. మేట మీదేమో తిరగేసే చెయ్యి లేక బురద పైపైన గట్టిపడింది, గడ్డి పట్టింది. ఏటా వచ్చే పొడుగుముక్కు పిట్టలు దిగి, నాలుగు చోట్ల పొడిచి చూసి, లేచిపోయాయి. మొదటి ఏడు వాన లేదనుకున్నాడు. మరుసటేడు గాలి అన్నాడు. అక్క ఎన్నడో అన్న మాట వేళాకోళం కాదని తెలిసేసరికి మేట ఖాళీ.

పాత నెగెటివ్ ఒకటి వెతికి, అంచు కొయ్యకుండా పెద్దది చేసి అక్క ఇంటికి పట్టుకెళ్లాడు. వంగిన వీపు, బుట్ట, వెనకాల వందలుగా పిట్టలు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసింది.

"బావుంది. పిట్టలు పోయాయి కాబట్టి నాకు చోటు దొరికిందన్నమాట," అని ఫోటో తిరిగి ఆయన చేతిలో పెట్టి తలుపేసుకుంది. ఆవిడ ఆయనతో ఆఖరుగా అన్న మాట అదే.

గేటు దగ్గర బోర్డు మీద ఇప్పటికీ ఉన్నది కత్తిరించిన ఫోటోయే. పిట్టలేవని అడిగిన వాళ్లకి ఆయన ఆ బోర్డే చూపిస్తాడు. మొన్న ఒకావిడ దాని ఎడమ మూల మీద వేలు పెట్టి, "ఇదేమిటండీ, బుట్టలా ఉంది?" అంది.

"నీడండీ," అన్నాడాయన.