పడుకున్న మహానుభావులు

మావయ్యకు ఒకటే జబ్బు. నలుగురికీ మంచి చేసేవాళ్లు ప్రపంచంలో ఏ మూల ఉన్నా వెతుక్కుంటూ వెళ్తాడు. వెళ్లి, వాళ్లను నిద్రపుచ్చి వస్తాడు.

ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, మంచివాళ్ల మీద పుస్తకం రాస్తానని దేశాలు పట్టుకు తిరిగాడు. అది టైపు చేసి ఇస్తానని ప్రచురణకర్తకు మాటిచ్చింది మాత్రం బడిపంతులమ్మ అయిన మేనకోడలు. గడువు ఆ రోజే; సాయంత్రం ఐదింటికి అందకపోతే ఒప్పందం రద్దు. వారం నుంచి పరీక్ష పేపర్లతో సతమతమైన ఆవిడ, మధ్యాహ్నం తీరిక చేసుకుని మావయ్య నోటుపుస్తకం తెరిచింది.

"దీవుల్లో పడవ మీద తిరిగే నర్సమ్మ గురించి ఇదా రాశావు? 'కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. పడుకోమన్నాను. పడుకుంది.' అంతేనా మావయ్యా?"

"గురక కూడా పెట్టింది. రాస్తే బాగోదని వదిలేశా."

"కొండమీద బడి నడిపే పంతులుగారు?"

"పదకొండు గంటలు పడుకున్నాడు పాపం!"

"మరి బడి?"

"నేనే నడిపా. బస్సంత కష్టమేం కాదు. కాకపోతే కూర్చోమంటే ఒక్కడూ కూర్చోడు."

"వాళ్ల భాష నీకు రాదుగా?"

మావయ్య రెండు అరచేతులూ కలిపి చెంప కింద పెట్టుకున్నాడు. "ఇది అర్థంకాని మనిషి ఎక్కడా కనపడలేదమ్మాయ్."

ఫోటోలూ అంతే. ఇరవై ముగ్గురు మహానుభావులు, నలభై ఆరు మూసిన కళ్లు.

"నా పరువు గంగలో కలిపావు!" అని మేనకోడలు టైపు మిషను ముందు కూర్చుని, తోచింది కల్పించి కొట్టడం మొదలుపెట్టింది. ఐదో పేజీ దగ్గర తల వాలిపోయింది.

మెలకువ వచ్చేసరికి తల కింద దిండు ఉంది. గడియారం ఆరున్నర చూపిస్తోంది. ముందుగదిలోకి పరుగెత్తింది. ఐదింటికే వచ్చిన ప్రచురణకర్త, మావయ్యకు వచ్చిన ఉత్తరాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు.

"నేను లేపబోతే మీ మావయ్యగారు తలుపుకు అడ్డం నిలబడ్డారమ్మా. అందాకా ఇవి చదువుకోమన్నారు," అంటూ నర్సమ్మ ఉత్తరం చేతికిచ్చాడు.

'నన్ను చూడ్డానికి చాలామంది వచ్చారు. అందరికీ నా కథ చెప్పీ చెప్పీ అలిసిపోయాను. మీరొక్కరే కథ అడగలేదు. నేను కట్టిపెట్టిన మందులు రెండు రోజులు ఇంటింటికీ మీరే చేరవేశారు. తొమ్మిదేళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయాను.'

మేనకోడలి కోపం ఎటు పోయిందో తెలియలేదు. "ఈ ఉత్తరాల సంగతి ముందే చెప్పొచ్చుగా మావయ్యా?"

"నువ్వడిగింది మంచివాళ్ల గురించి. అవి నా గురించి కదే!"

"ఈ ఫోటోలు, ఈ ఉత్తరాలు చాలమ్మా, పుస్తకం అయిపోయినట్టే," అన్నాడు ప్రచురణకర్త. "ఆఖరి పేజీకే ఒక ఫోటో తక్కువైంది." అంటూనే పెద్దగా ఆవలించాడు.

మావయ్య ఒక చేత్తో దిండు, ఇంకో చేత్తో కెమెరా అందుకున్నాడు.