ఉయ్యాల కొక్కేల ఆసుపత్రి

మొన్న బెళ్ళందూరులో మా మనవరాలి ఫ్లాటులో ఉయ్యాల కట్టుకోవడానికి ఒక్క కొక్కెం దొరకలేదు. పాపకు మర్నాడు పదకొండో రోజు, ఉయ్యాలలో వేసి పేరు పెట్టే రోజు. కొక్కెం బిగించమని పిలిపించిన మనిషి నిచ్చెనెక్కి పైకప్పును వేలితో తట్టి, ఇది కప్పు కాదమ్మా, అట్ట, దీనికి ఉయ్యాల కడితే అట్టా బిడ్డా కలిసి దిగుతారని చెప్పి, తన సంచీ తాను సర్దుకుని వెళ్ళిపోయాడు. మనవరాలి మొగుడు ఫోనులో ఏదో నొక్కి, స్టీలు స్టాండు పదినిమిషాల్లో వచ్చేస్తుంది అమ్మమ్మా, మీరు కంగారు పడకండి అన్నాడు. నాకు కంగారు కాదు, నవ్వొచ్చింది. ఎందుకంటే గదికి రెండేసి కొక్కేలుండి, వాటికి వేలాడదీయడానికి ఒక్క బిడ్డా దొరకని చోట నేను వయసులో ఉన్నప్పుడు నర్సుగా పనిచేశాను.

బసవనగుడిలో మా డాక్టరమ్మ నడిపిన చిన్న ప్రసూతి ఆసుపత్రి అది. అసలు అది వాళ్ళ మామగారి నాటి బంగళా. ఎర్రటి నున్నని నేల, మంగుళూరు పెంకులు, కిటికీల నెత్తిన టోపీల్లా ముందుకు వంగిన చెక్క చూర్లు, వానొచ్చినా తలుపులు మూయక్కర్లేనంత వెడల్పాటి వరండా. చింతామణి దగ్గరి మా ఊరి నుంచి నేను ఉద్యోగంలో చేరేనాటికి డాక్టరమ్మ దాన్ని కొత్తగా ఆసుపత్రి చేసింది. ఆవిడ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని హాస్టళ్ళలో పెరిగిన మనిషి, అప్పటికింకా పిల్లలు లేరు. పుస్తకాలన్నీ చదివింది గానీ ఇంట్లో పెద్దాడవాళ్ళు చెప్పే మాటలు విని ఎరగదు. తల్లి పక్కనే ఉయ్యాల ఉంటే బిడ్డకు హాయి అనుకుని, వడ్రంగిని పిలిపించి, ప్రతి గదిలోనూ టేకు దూలానికి ఇనుప కొక్కేలు దిగగొట్టించింది.

కానుపుకు వచ్చినవాళ్ళు అందరూ వాటిని చూసి మెచ్చుకున్నారు. ఒక్కరూ బిడ్డను వేయలేదు. కోలారు, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే అమ్మమ్మలు మాత్రం ఖాళీ కొక్కేన్ని చూసి ఊరుకుంటారా, చక్కగా ఉట్టి కట్టేశారు. ఒకరి నేతి చెంబు, ఒకరి కాఫీ ఫ్లాస్కు, ఒకరి వక్కాకు సంచి. ఒక తాతగారైతే రేడియో వేలాడదీసి వార్తలు కూడా వినేవాడు. ఒకనాడు రౌండ్సుకు వచ్చిన డాక్టరమ్మ తల ఏలకి అరటి గెలకు ఠప్పున కొట్టుకుంది. నవ్వాపుకోలేక నేను ట్రేతో మొహం దాచుకున్నాను. ఆవిడకు మాత్రం కోపం నషాళానికంటింది. ఆ గెల తెచ్చిన ముసలమ్మ బెదరలేదు సరికదా, బోసినోటితో నవ్వి అసలు సంగతి చెప్పింది.

“పదకొండో దినం కాందే బిడ్డను ఉయ్యాల్లో ఎయ్యరు తల్లీ. అంతదాకా కొక్కి సుమ్నే, ఖాళీగా ఉండాది కదా అని పండ్లు కట్టినా.”

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంటూ కొక్కెం వైపు చూసింది. ఇక కొక్కేలు పీకించేస్తుందనుకున్నాను. ఆవిడ మంచం మీది బాలింత వైపు తిరిగి, “అట్లయితే పదకొండో దినానికి మళ్ళీ రండమ్మా. ఉయ్యాల ఇక్కడే వేద్దాం. కానీ ముందు నిన్ను చూస్తాను, తర్వాతే ఉయ్యాల” అంది.

అదీ ఆవిడ తెలివి. ఆ రోజుల్లో కానుపై ఇంటికెళ్ళిన ఆడది మళ్ళీ డాక్టరు మొహం చూసేది కాదు, జ్వరమొచ్చినా మూలగదిలో దుప్పటి కప్పుకుని పడుకునేదే. పరీక్షకు రమ్మంటే రానివాళ్ళు ఉయ్యాలకు రమ్మంటే బళ్ళు కట్టించుకుని వచ్చారు. తల్లిని లోపల డాక్టరమ్మ చూసేది, ఖాళీగా ఉన్న గదిలో మేము దూలానికి పసుపు రాసి, కొక్కేనికి బొట్టు పెట్టి, పాత మెత్తటి చీరతో ఉయ్యాల కట్టేవాళ్ళం. మా ఆయా లాలి అందుకుంటే ఎదురింటి వాళ్ళు కూడా గేటు దగ్గరికొచ్చేవారు. ఆ ఉయ్యాల పుణ్యమా అని వేళకు మందు పడి బతికి బట్టకట్టిన తల్లులను నేను కళ్ళారా చూశాను. నా కూతుర్ని అక్కడే వేశాం, దాని కూతుర్నీ అక్కడే. ఆ కూతురే ఇప్పుడు బెళ్ళందూరులో కొక్కెం లేని బాలింత.

డాక్టరమ్మ పోయాక ఆసుపత్రి మూతబడింది. వెనకభాగంలో ఆవిడ కోడలు ఒక్కతే ఉంటుంది. ఈ మధ్య పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరు వచ్చి, ఆ చెక్క చూర్లను ఫొటోలు తీసుకుని, ఇది నగరానికే వారసత్వ సంపద అని చెప్పి వెళ్ళారట. అదే వీధిలో పాత ఇళ్ళు కొని పడగొట్టే ఒక బిల్డరు కూడా తిరుగుతున్నాడు. ఈ వారంలో అతనికి సరే అనేస్తానని కోడలు నాతో అంది. పెంకులు కారుతుంటే ఒంటరి ఆడది ఎన్నాళ్ళని బకెట్లు పెట్టుకుంటుంది? ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు, కానీ ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? ఇప్పుడు మాత్రం ఒక మొహం దొరికింది. ఫోను చేసి, రేపొక్క పూట నీ కొక్కెం కావాలమ్మా అని అడిగాను.

“రాండక్కా. కొక్కి అట్లే ఉండాది” అంది కోడలు.

మర్నాడు రెండు కార్లలో ట్రాఫిక్కును తిట్టుకుంటూ చేరాం. కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే కొక్కెం నల్లగా మెరిసింది. మనవరాలి మొగుడికి నమ్మకం కుదరక, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కాళ్ళెత్తి వేలాడి చూశాడు. దూలం కిర్రుమని కూడా అనలేదు. పాపను చీరలో వేసి, నాకొచ్చిన లాలి, మధ్యలో మరచిపోయిన చోట కూనిరాగంతో, పాడాను. చప్పుడు విని ఎదురింటావిడ వచ్చింది, తనను ఏ గదిలో వేశారో అమ్మ చెప్పేదని, ఆ గది వెతుక్కుంది. ఆవిడ వెంట ఇంకొకరు, ఆపైన మూలింటి తల నెరిసిన ఆయన కూడా, నన్నూ ఇక్కడే వేసినారంటమ్మా అని సిగ్గుపడుతూ. కోడలు గడపలో నిలబడి చూస్తూ ఉంది. కాసేపటికి తానే వచ్చి ఉయ్యాల తాడందుకుంది, మేము బయల్దేరేదాకా వదల్లేదు.

తర్వాత ఫోను చేసింది. బిల్డరుకు వద్దని చెప్పేసిందట. ఆ ఫొటోల వాళ్ళను పెంకుల సంగతి చూడమందట. “ఇంకెవురికైనా ఉయ్యాల ఎయ్యాలంటే పంపించక్కా” అని పెట్టేసింది. నేను వంటింట్లో నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

ఆ కట్టడం విలువ చెక్క చూర్లలో ఉందని చెప్పేవాళ్ళతో నాకు పేచీ లేదు, అవీ అందమైనవే. నా మటుకు నాకు అది, పొరపాటును పీకించెయ్యకుండా పదిమందికీ పనికొచ్చేలా మలిచిన ఒక ఆడదాని మనసు. ఇప్పుడు బాలింతలు ఫోనులోనే డాక్టరును చూస్తున్నారు, మంచిదే. స్టీలు స్టాండూ వచ్చింది, పాప అందులో హాయిగానే నిద్రపోతోంది. దాన్ని ఊపుతూ ఊపుతూ నేను మాత్రం అలవాటుకొద్దీ ఒకసారి తలెత్తి పైకి చూస్తాను. తెల్లటి అట్ట తప్ప ఏమీ కనిపించదు.