శనివారం వచ్చిన కత్తి

ఆ రోజుల్లో నాకు లోకమంతా ఏ క్షణానైనా ఆపదలో పడబోతున్నట్టూ, దాన్ని గట్టెక్కించే బాధ్యత నా ఒక్కడి నెత్తినే ఉన్నట్టూ అనిపించేది. వయసు అలాంటిది. ఇంజనీరింగ్ ముగించి, సూరత్ పక్కన హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి, ఊళ్ళో డిండోలి పేటలో పిన్నీ బాబాయిల ఇంట్లో దిగాను. (బాబాయిది రైల్వే ఉద్యోగం. ఇంట్లో ఆయన మాట్లాడే అవకాశం తక్కువ, కాబట్టి ఈ కథలోనూ తక్కువే.) ఫ్యాక్టరీలో మొదట్లో అన్నీ భద్రతా పాఠాలే. మిగతా ట్రైనీలు వెనక వరసలో కునుకు తీస్తుంటే నేను మాత్రం కళ్ళింతలు చేసుకుని విన్నాను. ఇంటికొచ్చి ఆపదలో పనికొచ్చే వస్తువుల కోసం ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. అదిగో, అప్పుడు దర్శనమిచ్చింది ఆ కత్తి.

మడిచేస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. నారింజ రంగు పిడి. బ్లేడు సగం నున్నగా, సగం రంపంలా పళ్ళతో ఉంటుంది. సీటు బెల్టు కోయడానికి పక్కన ఒక కొక్కెం, కారు అద్దం పగలగొట్టడానికి పిడి చివర బియ్యపుగింజంత ఉక్కు మొన, జేబుకి తగిలించుకోవడానికి క్లిప్పు. చూడగానే నేను దానికి భక్తుణ్ణైపోయాను. అసలు కత్తి కంటే కూడా, దాని కింద కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు నన్ను ముంచేశాయి. ఒకాయన వరదలో తాడుకి చిక్కుకున్న గేదెదూడని తప్పించాడట. ఒకావిడ బోల్తాపడ్డ కారులో భర్త బెల్టు కోసి ఆయన్ని బయటికి లాగి, "ఇప్పుడు కారు నేనే నడుపుతున్నాను" అని చివర్లో చేర్చింది. ఇంకొకాయన "ఇంకా పెట్టె విప్పలేదు, అద్భుతమైన కత్తి" అని అయిదు చుక్కలూ ఇచ్చేశాడు. (ఆ నమ్మకానికి నేను మనసులోనే దణ్ణం పెట్టాను.) పెట్టె నలిగి వచ్చిందని ఒక చుక్క తగ్గించినవాడి మీద మాత్రం రెండు రోజులు కోపంగా ఉన్నాను. ఇవన్నీ రోజూ భోజనాల దగ్గర పైకి చదివేవాణ్ణి. బాబాయి మజ్జిగన్నం కలుపుకుంటూ ఊఁ కొట్టేవాడు. పిన్ని మాత్రం ఊరుకునేది కాదు.

"మూలన కొట్టాలా, మధ్యన కొట్టాలా అని నువ్వు పురాణం చదువుతుంటే పప్పు చల్లారిపోతోందిరా. అయినా మనింట్లో కారే లేదు, ఎవరి అద్దం పగలగొడతావు?"

మహత్కార్యాలకి సిద్ధమయ్యేవాళ్ళు ఇలాంటివి పట్టించుకోరు.

తీరా కత్తి వచ్చింది శనివారం పొద్దున. పార్సిల్ అందుకుని గుమ్మంలో కాలు పెట్టబోతుంటే పిన్ని అడ్డంగా నిలబడింది. "ఆగక్కడ! శనివారం పూట ఇనుము గడప దాటడానికి వీల్లేదు."

"ఇది ఇనుము కాదు పిన్నీ, స్టీలు."

"స్టీలు దేంతో చేస్తార్రా? ఇంజనీరువి కదా, నువ్వే చెప్పు."

నాలుగేళ్ళ చదువునీ పక్కన పెట్టేశాను. కనీసం విప్పి చూసుకుంటానని బతిమాలాను. విప్పితే పుచ్చుకున్నట్టేనట. చివరికి నా కత్తిని కింద నిలిపిన బాబాయి స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను. పైనుంచి ఇంకో హెచ్చరిక: "రేపు తెచ్చినా నా చేతికివ్వకు, గట్టుమీద పెట్టు. కత్తి చేతికి చేతికి ఇచ్చుకుంటే మనుషులకి పడదు."

ఆ మధ్యాహ్నమే కింది వాటా మాస్టరన్న కారుకి పూజ. ఆయనది తెలంగాణ, పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు చూసుకునే మాస్టర్, అందుకని అందరికీ మాస్టరన్నే. ఎన్నాళ్ళుగానో కలలుగని సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. (కారూ ఇనుమే కదా అని పిన్నిని అడిగాను. "నిన్న శుక్రవారమే తెచ్చుకున్నాడు, నోర్ముయ్" అంది.) చక్రాల కింద నిమ్మకాయలు, ముందు పసుపుతో స్వస్తిక్, మే నెల ఎండ. ఫొటో కోసం అన్న తన రెండేళ్ళ కూతుర్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ముద్దుగా ఉంటుందని తాళం చేతికిచ్చి, తలుపేసి వెనక్కి జరిగాడు. పిల్ల తాళం మీది బొత్తాం నొక్కింది. నాలుగు తలుపులూ టక్కుమని మూసుకున్నాయి.

మొదట అందరం నవ్వాం. పిల్లా నవ్వింది, హారన్ కొట్టింది. "మళ్ల నొక్కు బిడ్డా, గా బొత్తాం మళ్ల నొక్కు" అని అన్న అద్దంలోంచి సైగలు చేశాడు. అదేదో ఆటనుకుని అది తాళాన్ని సీటు కిందికి విసిరేసింది. రెండో తాళం కారు అమ్మినాయన దగ్గర, ఊరికి అటుపక్క సలాబత్‌పురాలో ఉంది. ఫోన్ చేస్తే బయలుదేరానన్నాడు. ఆ లోపు వీధివాళ్ళంతా తలో సలహా ఇచ్చారు. ఒకరు తీగ తెచ్చారు, ఒకరు స్కేలు తెచ్చారు. పిల్ల మొహం ఎర్రబడింది, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. హారన్ మోత ఒకసారికీ ఇంకోసారికీ దూరం పెరిగింది. తర్వాత ఆగిపోయింది. పిల్ల మెల్లగా సీట్లోకి ఒరిగిపోయింది.

పిల్ల తల్లి, మా వదిన, రెండు చేతులతో అద్దాన్ని బాదుతోంది. ఎవరో ఇటుక ఎత్తితే అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు, ఆ అద్దం వెనకే పిల్ల తల ఉంది. "అన్నా, నా దగ్గర అద్దం పగలగొట్టే కత్తుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పూజ హారతి ఇంకా కొండెక్కని కారు అది, ఒక్క క్షణమైనా వెనకాడతాడనుకున్నాను.

"పలగ్గొట్టు తమ్మీ! బండి మొత్తం పోయినా ఏం గాదు, జర జల్ది నా బిడ్డను తియ్యి!"

స్కూటర్ దగ్గరికి పరిగెత్తి డిక్కీ తెరిచాను. పార్సిల్ చుట్టూ టేపు, టేపు కింద అట్ట, అట్ట లోపల గట్టి ప్లాస్టిక్ డొప్ప. గోళ్ళతో లాగాను, పళ్ళతో కొరికాను, రాలేదు. ఆ కత్తి బయటికి తియ్యాలంటే ముందు ఇంకో కత్తి కావాలి. అన్ని అభిప్రాయాలు చదివానా, ఈ సంగతి ఒక్క మహానుభావుడూ రాయలేదు! నా వెనకాలే వచ్చిన పిన్ని ఆ డొప్పని లాక్కుంది. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి, అంచున గుచ్చి, చీరేసి, కత్తిని తీసి నా అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. శనివారం పూట, ఇనుము, చేతికి చెయ్యి! నేను ఆమె మొహంలోకి చూశాను. అలాంటి పిన్నిని అంతకు ముందెప్పుడూ చూడలేదు.

కారు దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర ఖాళీ. చదివినదంతా ఆవిరైపోయింది. ఎదురుగా ఏ అద్దం కనిపిస్తే దానిమీదికే చెయ్యెత్తాను.

"అది కాదురా! పిల్లకి దూరంగా ఉన్నది, వెనకది! మధ్యన కాదు, మూలన! మొన ఆనించి గట్టిగా ఒక్క దెబ్బ!"

పిన్ని! పప్పు చల్లారుతోందని తిడుతూనే ఆ అభిప్రాయాలన్నీ ఆమె కంఠతా పట్టేసింది.

మూలన ఒక్క పోటు పొడిచాను. అంతే. అద్దమంతా ఒక్కసారి తెల్లబడి, కల్లుప్పు కుమ్మరించినట్టు జలజలా రాలిపోయింది. నేనైతే నా చేతిలో ఉన్నది కత్తి అన్న సంగతే మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఎవరో లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీశారు. వదిన పిల్లని ఎత్తుకుని నీడలోకి పరిగెత్తింది. తడిగుడ్డతో మొహం తుడిచి, గుక్కెడు నీళ్ళు పట్టాక పిల్ల కళ్ళు తెరిచింది. ఎదురుగా చేతిలో కత్తితో, జుట్టు నిండా గాజుపెంకులతో, నేను! ఒక్క కేక పెట్టి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకి వీధంతా చప్పట్లు కొట్టింది. అన్న నన్ను వాటేసుకున్నాడు. "నీ కడుపు సల్లగుండ తమ్మీ" అని అదే మాట పదే పదే అన్నాడు.

మర్నాడు నేనూ కత్తి మీద నా అభిప్రాయం రాయడానికి కూర్చున్నాను. ఉదాత్తంగా చాలా రాసి, అన్నీ కొట్టేసి, చివరికి "పనిచేస్తుంది. పెట్టె విప్పడానికి పిన్నీసు దగ్గర ఉంచుకోండి" అని పంపాను. తర్వాత రోజూ కత్తిని జేబుకి తగిలించుకునే వెళ్ళాను, కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు తీసి పెట్టుకునేవాళ్ళు. పగలంతా అది వాళ్ళ క్యాబిన్‌లో నిమ్మకాయలు కోసేది.

నాకు బాధ కలిగించింది అది కాదు. పిల్లని కాపాడిన వీరుణ్ణి కదా, అది నా ఒళ్ళోకి దూకుతుందని కలలుగన్నాను. కానీ నన్ను చూస్తే చాలు, మంచం కిందికి దూరేది. చాక్లెట్లు తీసుకెళ్ళాను, బొమ్మలు తీసుకెళ్ళాను. మంచం కిందినుంచి రెండు కళ్ళు మాత్రం కనపడేవి. ఇంకొన్నాళ్ళకి వదిన గొంతు మా మెట్లమీదికి వినిపించేది: "తింటవా, అద్దం మామను పిల్వాల్నా?" పిల్ల గబగబా కంచం ఖాళీ చేసేది. నేను పైన కూర్చుని, లోకానికి కృతజ్ఞత లేదని నిట్టూర్చేవాణ్ణి.

నేను సూరత్ వదిలేసి చాలా కాలమైంది. మొన్న మాస్టరన్న ఫోన్ చేసి, మాటల మధ్యలో ఫోన్ కూతురికిచ్చాడు. హైస్కూలు పిల్ల, గొంతు గణగణలాడుతోంది. "మామా, సచ్చీ చెప్తున్న, చిన్నప్పుడు మీరంటే నాకు బహుత్ డర్, మస్తు భయం ఉండె! ఎందుకో గుర్తే లేదు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మెట్లమీద మొహం మాడ్చుకుని కూర్చున్న కుర్రాడు ఇప్పుడు దొరికితే పక్కన కూర్చుని చెప్పేవాణ్ణి: ఒరేయ్ వీరుడా, నిన్ను చూసి భయపడటానికి ఆ పిల్ల బతికుందిరా, ఇంకేం కావాలి నీకు!