బియ్యం డబ్బాలో గోలీలు

ఏండ్ల సంది ఒక మాట గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగుదామంటే పోదు, కక్కుదామంటే రాదు. ఇయ్యాల నీకు చెప్తున్న. నన్ను ఓదార్చకు. "పోనీలే, తెల్వక చేసినవ్" అంటివా, నీ మొఖం చూడ. తెలిసే చేసిన.

మాది చండ్రుగొండ దాటినంక అడవి అంచు పల్లె. నాగమణి నా తోడికోడలు, మా మరిది పెండ్లాం. ఏ కష్టం లేకుండనే ఉన్నట్టుండి మూలకు పడ్డది. తినదు, పండదు, నెత్తి దువ్వుకోదు. పలకరిస్తే కండ్ల నీళ్లు. ఏం తక్కువైందని దీనికి, అనుకునేదాన్ని. గాలి సోకిందని ఇంట్లోళ్లు తాయెత్తులు కట్టిండ్రు. పక్కింట్ల ఒంటరిగ ఉండే ముత్తమ్మవ్వ ఒక్కతే అడ్డం వచ్చింది. గాలి లేదు గీలి లేదు, పిల్లను ఖమ్మం దవాఖానకు తోల్కపోండ్రి అన్నది.

పోయినం. డాక్టరమ్మ ఓపికగ చెప్పింది. ఇది బద్ధకం కాదు, వేషం కాదు, మనసుకొచ్చే జబ్బు, బాగయినట్టు అనిపించినా గోలీలు ఆపొద్దు అన్నది. నాగమణికి మతి నిలుస్తలేదని గోలీలు నా చేతికిచ్చింది. నేను తల ఊపిన. ఊపుడుకేముంది?

గోలీలకు మెల్లమెల్లగ తేరుకున్నది. అన్నం తిన్నది, నాలుగు మాటలు మాట్లాడింది. కాని మత్తుకు పొద్దుగాల లేవకపోయేది. అంతలనే బీడీలు చుట్టే తునికాకు కోత వచ్చింది. ఎండలు ముదిరినప్పుడు కొన్నాళ్లే ఉండే పని అది. చీకటితోనే అడవికి పోవాలె, ఎండెక్కకముందే ఆకు కోసుకొని రావాలె, ఇంటికాడ కూసొని కట్టలు కట్టాలె, పొద్దూకేలోపు ఆకు కొనే కల్లానికి చేర్చాలె. మా ఇంటికి ఏడాదికి అదే ఆసరా. కోసుడు, మోసుడు, కట్టుడు, అన్నీ నా ఒక్కదాని నెత్తి మీదనే. ఇంట్ల మాత్రం, మెల్లగ మాట్లాడుండ్రి, నాగమణి లేస్తది అని గుసగుసలు. నా నడుం విరుగుతుంటే ఒక్కరన్నా అడిగిండ్రా? నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతది, అబద్ధమెందుకు.

ఆకుపని అయ్యేదాక ఆపుదామనుకున్న. దవాఖాన గోలీలు బియ్యం డబ్బా అడుగున దాచిన. సబ్ సెంటర్ల ఇచ్చిన బలం గోలీలు ఇంట్ల ఉండె, అవీ తెల్లగనే. అన్నం తిన్నంక ఎప్పటిలెక్కనే నా చేతితోని అవి ఇచ్చిన. చెయ్యి చాపింది, మింగింది. ఏం గోలీ అక్కా అని గూడ అడగలే.

మొదట్ల నేనే గెలిచిన అనుకున్న. కోడి కూయంగనే లేచింది. నాతోని అడవికొచ్చి ఆకు కోసింది, ఒకసారి నవ్వింది గూడ. చూసినవా, అంతా వేషమే అని లోపల ఎగిరిన. ఆకుపని ముగిసే యాళ్లకు మళ్ల మూలకు పడ్డది, ఈసారి ముందుకన్న అధ్వానం. నేనెందుకక్కా మీకు బరువు అని గోడ దిక్కు తిరిగి అనేది. అప్పుడన్నా డబ్బాలకెల్లి గోలీలు తియ్యొచ్చు గదా? తియ్యలే. తీస్తే అది రోగమని ఒప్పుకున్నట్టు. రోగమని ఒప్పుకుంటే మరి నేను చేసింది ఏమైతది?

మరిది ఒక మంత్రగాన్ని పట్టుకొచ్చిండు. వాడు నిమ్మకాయ కోసి, ఈ పిల్లకు పక్కింటోళ్లు ఎవరన్నా ఏమన్నా పెట్టిండ్రా అని అడిగిండు. ముత్తమ్మవ్వ రోజూ గింత మజ్జిగ తెచ్చి తాపేది. ఇంకేముంది, అందరికీ మనిషి దొరికింది. అవ్వను మా వాకిట్ల నిలబెట్టిండ్రు. ఎవడో కొంగు గుంజిండు. ఇంకెవడో పండ్లు రాలగొడతానన్నడు. అవ్వ వాళ్ల మొఖం చూడలే, నా దిక్కే చూసింది.

"గోలీలు సరిగ ఇస్తున్నవా బిడ్డా?"

"ఇస్తున్న అవ్వా."

"రోజూ?"

"రోజూ. నన్నెందుకు అడుగుతవ్, చేసింది నువ్వాయె."

ఆ ఆఖరు మాట నన్ను అనుమని ఎవరన్నరు? ఎవ్వరూ అనలే. ఇస్తున్న అని ఊకుంటే సరిపోయేది. అంత విషం నాలుకకు ఎక్కడికెల్లి వచ్చిందో ఇప్పటికీ తెల్వదు.

తెల్లారి అవ్వ మూట నెత్తిన పెట్టుకొని పెనుబల్లి దిక్కు బిడ్డ ఊరికి పోయింది. ఆమె మలుపు తిరిగినంక నేను లోపలికి పోయి బియ్యం డబ్బాల చెయ్యి పెట్టిన. ఎవ్వరికీ చెప్పకుంట అసలు గోలీలు మళ్ల మొదలుపెట్టిన. నెల తిరిగినంక నాగమణి తేరుకున్నది. ఊరు ఏమన్నదో ఎరికేనా? ముసల్ది పోయింది, పిల్ల బాగయింది, ఇంతకన్న రుజువేం కావాలె అన్నది. నేను ఇచ్చిన గోలీలే అవ్వ మీద సాక్ష్యం చెప్పినయ్. తోడికోడలును కన్నతల్లి లెక్క చూసుకున్నదని నన్ను మెచ్చుకున్నరు. మెచ్చుకునేటోళ్లంటే అప్పటిసంది నాకు పడదు.

అవ్వ అక్కడనే చనిపోయింది. కబురొచ్చిననాడు మా ఊరి నుంచి ఒక్కరం పోలే. ఆమె గుడిసె కూలిన జాగల ఇప్పుడు మేకలను కట్టేస్తున్నరు.

నాగమణి మంచిగున్నది. ఇంకా గోలీ వేసుకుంటది, నా చేతితోనే ఇయ్యాలంటది. నువ్వు లేకుంటే నేనేమయ్యేదాన్నో అక్కా అంటది. అన్నప్పుడల్లా చెంప పగలగొట్టాలనిపిస్తది. ఆమెదా, నాదా?

ఆమెకు ఇంకా చెప్పలే. చెప్తనో లేదో మాటియ్య. నువ్వు క్షమిస్తే ఏమొస్తది, అడిగింది నువ్వు కాదు. అడిగిన మనిషి నలుగురి ముందట, వాకిట్ల నిలబడి అడిగింది. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇయ్యాల నోట్లకెల్లి వచ్చింది, గంతే.

ఇయ్యలే అవ్వా. ఆకుపని మొదలైనకాడికెల్లి ఒక్కనాడు గూడ ఇయ్యలే.